ఆన్‌లైన్‌లో బాబాయ్

దయ్యాలు లేవని వేదికలెక్కి వాదించినవాణ్ణి. శ్మశానంలో పడుకుని చూపిస్తానని పందేలు కాసినవాణ్ణి. అలాంటి నాకు జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో, పట్టపగలు, మా అమ్మాయి గదిలో ఒళ్లు జలదరించింది. అది దాచకుండా రాయడం నా బాధ్యత.

మహమ్మారి వచ్చిన రెండో వసంతం. బడి లాప్‌టాప్‌లోకీ నా ఆఫీసు వంటింటి బల్ల మీదికీ వచ్చేశాయి. ఇంటి వెనక, పిల్లలు చక్రాల బోర్డుల మీద ఆడే సిమెంటు స్కేట్ పార్కుకు, లోపలికి రావద్దని ముందటేడు కట్టిన ఎరుపు తెలుపు పట్టీ చిరిగి, గాలికి పటపటా కొట్టుకుంటూ ఉండేది. పదకొండేళ్ల మా అమ్మాయి ఆ ముచ్చటంతా వీడియో గేమ్‌లో తీర్చుకునేది. రోజూ నాలుగింటికి, అంటే హైదరాబాదులో ఏడున్నరకు, అక్కడినుంచి మా తమ్ముడు ఆమెతో కలిసేవాడు.

ఆ ఆటలో రెండు నిమిషాల్లో వీలైనన్ని పాయింట్లు కొట్టే పద్ధతి ఒకటి. గడువు లేకుండా పార్కంతా ఊరికే తిరిగే పద్ధతి ఇంకొకటి. వీళ్లకు ఇష్టమైనది మూడోది. ఒకరు బోర్డు మీద ఒక విన్యాసం చేస్తే రెండోవారు దాన్ని మించాలి. మించలేకపోతే ఒక అక్షరం మీద పడుతుంది. అక్షరాలన్నీ పడి మాట పూర్తయినవాళ్లు ఓడినట్టు. ఆ మాట మనమే పెట్టుకోవచ్చు. ఆట ఎక్కువసేపు సాగాలని వీళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ‘పెసరట్టు’ అని పెట్టుకున్నారు.

తమ్ముడి బొమ్మకు పసుపు చొక్కా. మెట్ల పక్క కమ్మీ మీద బోర్డును జారించి, గాల్లో తిప్పి, మళ్లీ నాలుగు చక్రాల మీద దిగేవాడు. పడడం చాలా అరుదు.

ఎండలు ముదిరాక అతనికి కరోనా వచ్చింది. ఎనిమిదో రోజున ఆసుపత్రిలో పోయాడు. నేను వెళ్లలేకపోయాను. మరదలికి ఫోన్ చేసి, "పాపకు ఇప్పుడే తెలియనివ్వొద్దమ్మా, బడులు తెరిచాక మెల్లగా చెబుతాను" అన్నాను. మన ఇళ్లలో ఇది మామూలే. పరీక్షలున్న పిల్లలకూ నెలలు నిండిన ఆడపిల్లలకూ చావు కబురు చెప్పరు. ఈ అలవాటును దుమ్మెత్తి పోస్తూ నేనే ఒక వ్యాసం రాశాను. నా గుమ్మంలోకి వచ్చేసరికి అందులోని ఒక్క వాక్యం కూడా గుర్తు రాలేదు. "బాబాయ్ హాస్పిటల్లో ఉన్నాడు, అక్కడ ఫోన్ ఇవ్వరు" అని పాపకు చెప్పాను.

తమ్ముడు పోయిన ఆరో రోజు పాప గదిలోంచి కేక వినిపించింది.

"నాన్నా! బాబాయ్ ఆన్‌లైన్‌లో ఉన్నాడు!"

తెర మీద నీళ్లు లేని ఈతకొలను. దాని అంచున పసుపు చొక్కా. కదలడం లేదు.

"బాబాయ్, హలో! వినపడుతోందా?"

పసుపు చొక్కా నెమ్మదిగా మా వైపు తిరిగింది. తర్వాత బోర్డు మీద తిన్నగా వెళ్లి గోడకు గుద్దుకుని పడింది. లేచింది. మళ్లీ అదే గోడ.

పాప హెడ్‌సెట్ తీసి నా చెవికి పెట్టింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. దాని వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు.

"హాస్పిటల్లో గేమ్ ఆడనిస్తారా నాన్నా?"

"ఇంటికి వచ్చేసి ఉంటాడు."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఏ బాబా అయినా చచ్చినవాణ్ణి లేపానంటే సాక్ష్యం ఏదని నిలదీసేవాణ్ణి. నేను ఒక్క ముక్కలో లేపేశాను.

మర్నాడూ అంతే. నాకు నేను కారణాలు చెప్పుకున్నాను. యంత్రం ఆపడం మరిచిపోయారు. ఖాతా దానంతటదే తెరుచుకుంది. సర్వర్ తప్పు. కానీ పాప మాట్లాడినప్పుడే ఆ బొమ్మ కదిలేది. మాట ఆపితే ఆగిపోయేది. ఏ సర్వర్‌కూ ఆ గుణం ఉండదని నాకు తెలుసు.

మూడో రోజు పాప కంట్రోలర్ మంచం మీద పడేసి ఏడ్చింది.

"బాబాయ్‌కి నా మీద కోపం. లాస్ట్ టైమ్ ఆటలో దగ్గి కింద పడ్డాడు. నేను ముసలోడా, ముసలోడా అని నవ్వాను. అందుకే మాట్లాడట్లేదు."

ఆమెను మొహం కడుక్కోమని పంపాను. హెడ్‌సెట్ పెట్టుకుని, మరదలి నంబరుకు ఫోన్ చేశాను. నేను చేసిన ఫోను ఆ హెడ్‌సెట్‌లో మోగింది. పసుపు చొక్కా గోడ దగ్గరే నిలబడిపోయింది.

"నేనే బావగారూ," అంది మరదలు, ఎత్తగానే. "పాప రోజూ మెసేజ్ పెడుతుండె. జవాబు లేకుంటే అనుమానమొస్తదని కూసున్న. ఏ బటన్ ఏందో నాకు తెల్వది. నోరు తెరిస్తే దొరికిపోత."

"ఎందుకమ్మా ఇదంతా?"

"మీరే గద చెప్పొద్దన్నది! ఇంటికి ఎవ్వరూ వస్తలేరు. ఆ పిల్ల గొంతొక్కటే వినబడుతున్నది ఇంట్ల. దయ్యాల్లేవు, దయ్యాల్లేవు అని ఊరంతా చెప్పిన్రు. నన్నే దయ్యం జేసి కూసోబెట్టిన్రు."

హెడ్‌సెట్ తీసి చేత్తో పట్టుకున్నాను.

తడి మొహంతో పాప గుమ్మంలోకి వచ్చింది. చెప్పేశాను. బాబాయ్ చనిపోయాడని, ఎనిమిది రోజులైందని, ఇన్నాళ్లూ కదిలింది పిన్ని అని. నిజం కాదని జర్మన్‌లో అరిచింది. కాసేపటికి తెలుగులో అడిగింది.

"ఇంటికొచ్చాడన్నావు కదా?"

"అబద్ధం చెప్పాను."

"నేను నవ్వినందుకా చనిపోయాడు?"

"కాదు. వైరస్ వల్ల. నువ్వు నవ్వితే ఎవరూ చనిపోరు."

కార్యకారణ సంబంధం మీద గంటలకొద్దీ మాట్లాడినవాణ్ణి. నా జీవితంలో అంత కచ్చితమైన నిజం ఇంకెప్పుడూ చెప్పి ఉండను. మా అమ్మాయి నమ్మలేదు. నన్ను ఎందుకు నమ్మాలి? నా చేతిలోంచి హెడ్‌సెట్ లాక్కుంది.

"పిన్నీ, అక్కడున్నావా? నాన్న కాదు, నువ్వు చెప్పు. బాబాయ్‌కి నా మీద కోపమా?"

అవతలి మాటలు నాకు వినపడలేదు. గుమ్మం దాకా జరిగి, పాప ముఖమే చూస్తూ నిలబడ్డాను.

"నేనలా అన్నందుకు నిజంగా నవ్వాడా? ... పడుకునే దాకానా?"

ముక్కు తుడుచుకుంది. తర్వాత, ఈ ఎనిమిది రోజుల్లో మరదల్ని నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అడిగింది.

"చివర్లో బాబాయ్ పక్కన ఎవరున్నారు పిన్నీ?"

జవాబు చాలాసేపు వచ్చింది. పాప ఊ కొడుతూ వింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.