విస్సన్నపేటలో పిల్లలు లేరా?

తిరువూరు వచ్చేనాటికి ప్రేమావతికి ముప్పై ఏళ్ళు నిండలేదు. భర్త యేసుదాసు పోస్టాఫీసు ఉద్యోగి. అతనికి ఇక్కడికి బదిలీ కావడంతో, ఊళ్ళో ఒక కమిటీ నడుపుతున్న హైస్కూల్లో ఆమె లెక్కల టీచరుగా చేరింది. అది 1972 జూన్. బస్టాండు వెనక వీధిలో రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నారు.

ప్రేమావతి ఎత్తైన మనిషి. గొంతు కూడా పెద్దదే. ఆమె పాఠం చెబుతుంటే ఆవరణ చివర పంపు దగ్గర నీళ్ళు తాగే పిల్లలకి కూడా వినపడేది. క్లాసుకి బెత్తం తీసుకువెళ్ళేది కాదు. తోటి మాస్టార్లు దాని గురించి వేళాకోళం చేస్తే, "కొడతానని భయపడే పిల్లాడు లెక్క రాలేదని నాకు చెప్పడు కదండీ. వాడు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?" అనేది.

మూడేళ్ళు అలా గడిచాయి. 1975లో దీపావళి వెళ్ళాక, ఏడో తరగతి చదివే లూర్దుమేరీ బడికి సరిగా రావడం మానేసింది. గంపలగూడెం రోడ్డు పక్కనున్న పల్లె నుంచి నడిచి వచ్చే పిల్ల. తండ్రి లేడు, తల్లి అంతోనమ్మ కూలికి వెళుతుంది. లూర్దు లెక్కల్లో చురుకైనది. బోర్డు మీద లెక్క పూర్తిగా వేయకముందే జవాబు చెప్పేసేది. అలాంటిది మొదట సైన్సు ప్రయోగాలున్న రోజుల్లో రాకుండా ఉండేది, తర్వాత పూర్తిగా రావడం మానేసింది. తోటి పిల్లల్ని అడిగితే కడుపునొప్పి అన్నారు.

శనివారం ఒంటిపూట బడి అయ్యాక ప్రేమావతి గొడుగు వేసుకుని ఆ పల్లెకి నడిచింది. లూర్దు గుమ్మంలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. టీచర్ని చూసి లేచి నిలబడింది. అంతోనమ్మ ఇంకా పొలం నుంచి రాలేదు.

ప్రేమావతి ఏమీ అడగకుండా పక్కన చాప మీద కూర్చుని తనూ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. కొంతసేపయ్యాక, మామూలు మాట అడిగినట్టు అడిగింది.

"లూర్దూ, మన బళ్ళో ఏ గదికి వెళ్ళాలంటే నీకు ఇష్టం ఉండదు?"

పిల్ల చేతులు ఆగాయి. "సైన్సు సామాన్ల గది," అంది తల ఎత్తకుండా.

"నాతో చెప్పాలనిపిస్తే చెప్పు. నేను కోప్పడను. ఎవరి ముందూ నిన్ను నిలబెట్టి అడగను."

లూర్దు చెప్పడానికి చాలాసేపు పట్టింది. క్లాసయ్యాక సామాన్లు సర్దాలని సైన్సు మాస్టారు వెంకటప్పయ్య ఆమెని ఒక్కదాన్నే ఉండమంటాడు. తలుపు వేస్తాడు. మీద చేతులు వేస్తాడు. ఎవరికైనా చెబితే ఏడో తరగతి పరీక్ష తప్పిస్తానని అన్నాడు. ఇంత చెప్పి, "నేను ముందే బయటికి వచ్చేసి ఉండాల్సింది టీచర్," అంది.

"కాదు. చేసింది ఆయన. తప్పు ఆయనది. నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను," అంది ప్రేమావతి. "ఇక దీన్ని ఆపడం పెద్దవాళ్ళ పని. మీ అమ్మకి మనిద్దరం కలిసి చెబుదామా?"

పిల్ల తల ఊపింది.

అంతోనమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కుని కూర్చుంది. ఇద్దరూ కలిసి జరిగింది చెప్పారు. విన్నాక కూతుర్ని దగ్గరకి లాక్కుని, "ఇక బళ్ళోకి పంపనండి టీచరుగారూ. మాకు చదువులొద్దు," అంది.

"అంతోనమ్మా, బడి మానాల్సింది నీ కూతురు కాదు. ఆయన."

"ఆయన పెద్ద మాస్టారండి. మేం కూలోళ్ళం. మా మాట ఎవరు వింటారు?"

"ముందు నేను విన్నాను కదా. మిగతావాళ్ళ చేత వినిపించే పూచీ నాది."

సోమవారం బడి గంట కొట్టకముందే ప్రేమావతి హెడ్మాస్టరు గదిలో ఉంది. హెడ్మాస్టరు దశరథరామయ్య మంచివాడే, కానీ గొడవంటే భయం. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఆ పిల్ల ఏదో పొరపాటు పడిందేమోనండి, ప్రేమావతిగారూ. వెంకటప్పయ్యగారు ఎన్నేళ్ళనుంచో ఉన్నారు. ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు."

"చెబితే తప్పిస్తానని బెదిరిస్తే మీకెలా వినపడుతుంది సార్? మీరు విచారించండి. లూర్దుతో వాళ్ళమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. అంతదాకా ఒక్కటే అడుగుతున్నాను. ఆ గది తాళంచెవి నాకివ్వండి. ఏ పిల్లా ఆయన దగ్గర ఒంటరిగా ఉండకూడదు. ఇవాళ్టి నుంచే."

దశరథరామయ్య ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ప్యూనుని పిలిచి తాళంచెవి తెప్పించి ఆమె చేతికిచ్చాడు.

ఆ వారం ప్రేమావతి ఆడపిల్లల కుట్టు పీరియడు అడిగి తీసుకుంది. ఎవరి పేరూ ఎత్తలేదు. "మీ ఒళ్ళు మీది. మీకు ఇష్టం లేకుండా ఎవరు ముట్టుకున్నా, మాస్టారైనా, చుట్టమైనా, గట్టిగా వద్దనండి, బయటికి వచ్చేయండి, వచ్చి చెప్పండి. భయంతో వద్దనలేకపోయినా తప్పు మీది కాదు. అప్పుడైనా చెప్పండి. ఎప్పుడు చెప్పినా ఆలస్యం కాదు," అంది. ఆ సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఆమె ఇంటికి వెళ్ళింది. మర్నాడు ఇంకొకతి వెళ్ళింది. ఇద్దరూ చెప్పింది ఆ గది గురించే. వాళ్ళ తల్లులతో మాట్లాడి, హెడ్మాస్టరు దగ్గరకి తనే వెంటబెట్టుకుని వెళ్ళింది.

సంగతి కమిటీకి చేరింది. బడి నిర్వహణ చూసే కరస్పాండెంటు జగన్నాథరావు విస్సన్నపేట వైపు మామిడి తోటలున్న రైతు. బడికి స్థలం ఇచ్చింది వాళ్ళ నాన్నే. ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు ప్రేమావతినీ రమ్మన్నారు. బయలుదేరే ముందు ఆమె భర్తతో, "ఉద్యోగం పోవచ్చేమో," అంది. "పోతే ఇంకో చోట చూసుకుందాం. వెళ్ళిరా," అన్నాడు యేసుదాసు.

జగన్నాథరావు మర్యాదగానే మొదలుపెట్టాడు. "టీచరుగారూ, మీరు చెప్పింది అబద్ధమని నేననను. కానీ బడి పేరు, ఆ పిల్లల పేరు రెండూ చూసుకోవాలి కదా. గుట్టుగా తేల్చేద్దాం. విస్సన్నపేటలో మా బంధువులు ఒక బడి నడుపుతున్నారు. మంచి సర్టిఫికెట్టు ఇచ్చి ఆయన్ని అక్కడికి పంపిస్తాం. ఇక్కడ పీడ పోతుంది."

"విస్సన్నపేటలో పిల్లలు లేరాండీ?" అంది ప్రేమావతి.

జగన్నాథరావు ముఖం ఎర్రబడింది. "మీరు ఊరికి కొత్త. మాట కాస్త చూసి మాట్లాడండి," అన్నాడు.

"చూసే మాట్లాడుతున్నానండి. మీరు ఆ సర్టిఫికెట్టు ఇస్తే, నేను బస్సెక్కి వెళ్ళి అక్కడి హెడ్మాస్టరుకి ఉన్నదంతా చెప్పి వస్తాను. ఆయన ఏ బడికి వెళితే ఆ బడికి వెళతాను."

అప్పుడు వరండాలో నిలబడి ఉన్న అంతోనమ్మ లోపలికి వచ్చింది. ఆమెని ఎవరూ పిలవలేదు.

"అయ్యగారూ, నా బిడ్డ పేరు పదిమంది నోళ్ళలో పడుతుందని నాకూ భయంగానే ఉందండి. వారం నుంచి అన్నం సయించలేదు. కానీ నేను నోరు మూసుకుంటే ఇంకో తల్లి ఇట్టాగే ఏడవాలి. అది నాకొద్దండి. నా బిడ్డ చెప్పింది నిజం."

వెంకటప్పయ్యని పిలిచారు. అతను తడుముకోకుండా కొట్టిపారేశాడు. కూలోళ్ళ పిల్ల, మార్కుల కోసం అల్లింది అన్నాడు. జగన్నాథరావు హెడ్మాస్టరు వైపు తిరిగాడు.

దశరథరామయ్య లేచి నిలబడ్డాడు. అంత గట్టిగా అతను మాట్లాడగా అక్కడెవరూ వినలేదు. "ముగ్గురు పిల్లలతో విడివిడిగా మాట్లాడానండి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ముగ్గురూ ఒకటే చెప్పారు. ఈయన్ని ఉంచితే నేను ఉండను. సర్టిఫికెట్టు మీద సంతకం కూడా పెట్టను."

ఆఖరికి జగన్నాథరావు, "నాకూ మనవరాళ్ళున్నారు," అన్నాడు. "డీఈవో ఆఫీసుకి రాయండి మాస్టారూ. ఉన్నది ఉన్నట్టు రాయండి."

వెంకటప్పయ్యని ఆ రోజే సస్పెండు చేశారు. మచిలీపట్నంలోని జిల్లా విద్యాశాఖ ఆఫీసు నుంచి అధికారి వచ్చి విచారించాడు. పిల్లల్ని తల్లుల సమక్షంలోనే అడగాలని ప్రేమావతి పట్టుబట్టింది, అలాగే జరిగింది. ఎండాకాలం సెలవుల్లోపు అతని ఉద్యోగం పోయింది. మళ్ళీ ఏ బడీ తీసుకోకుండా ఉత్తర్వు వచ్చింది. పోలీసు కేసు దాకా వెళ్ళడానికి అంతోనమ్మ ఇష్టపడలేదు. వెళితే బాగుండేదని ప్రేమావతి అనుకున్నా, ఆమెని బలవంతం చెయ్యలేదు.

వెంకటప్పయ్య సస్పెండయ్యాక లూర్దు బడికి తిరిగి వచ్చిన రోజు క్లాసులో వెనక బెంచీ నుంచి ఒకడు ఏదో అన్నాడు. నలుగురు కిసుక్కున నవ్వారు. ప్రేమావతి సుద్దముక్క కింద పెట్టింది. "నవ్వొచ్చే మాటేదో చెప్పావుగా, లేచి అందరికీ వినపడేలా చెప్పు," అంది. వాడు లేచాడు, చెప్పలేకపోయాడు. "గట్టిగా చెప్పలేని మాట గుసగుసగానూ అనకు. కూర్చో," అంది. లూర్దు పక్కన కూర్చున్న పిల్ల తన పుస్తకం ఆమె ముందుకి జరిపింది. పాఠం మళ్ళీ మొదలైంది.

సామాన్ల గదికి ఉన్న చెక్క తలుపు తీయించి జగన్నాథరావే ఇనుప గ్రిల్లు పెట్టించాడు. ట్యూషన్లు వరండాలోనే చెప్పాలని హెడ్మాస్టరు నోటీసు పెట్టాడు. ఏటా జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు, మగపిల్లల్నీ ఆడపిల్లల్నీ కూర్చోబెట్టి ప్రేమావతి ఆనాడు కుట్టు పీరియడులో చెప్పిన మాటలే చెప్పేది. పెద్దపిల్లలు చిన్నవాళ్ళని ఏడిపించడం గురించి కూడా అందులో చేర్చింది. మొదట్లో కొందరు తల్లిదండ్రులు, పిల్లలకి ఇవన్నీ ఎందుకని గొణిగారు. రెండేళ్ళు తిరిగేసరికి వాళ్ళే, మా ఇంటి పక్క పిల్ల ఎందుకో దిగులుగా ఉంటోంది, ఒకసారి చూడండని ఆమె వాటా తలుపు తట్టేవారు.

లూర్దు పదో తరగతి మంచి మార్కులతో పాసై నర్సు ట్రైనింగులో చేరింది. ఆ ఏడే, 1979లో, ఒక మధ్యాహ్నం టీచర్ల గది నిండా మాస్టార్లు భోజనం చేస్తుండగా ఆరో తరగతి పిల్ల ఒకతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బక్కపలచని పిల్ల. లోపల అంతమందిని చూసి కూడా వెనక్కి తగ్గలేదు.

"టీచర్, ఎ.కొండూరు బస్సులో పెద్దపిల్లలు రోజూ నా క్యారేజీ లాక్కుంటున్నారు. వద్దని చెప్పాను. మానలేదు. అందుకని మీకు చెబుతున్నాను," అంది. గది అంతా వినపడింది.

ప్రేమావతి కంచం పక్కకి జరిపి చెయ్యి కడుక్కుంది. "మంచి పని చేశావు. ముందు కూర్చుని నాతో నాలుగు ముద్దలు తిను. తర్వాత వాళ్ళెవరో చూపిద్దువుగాని," అంది.