ఎర్మెలిందా ఆఖరి షిఫ్టు

నెరేయిదా పేరు ముప్పై రెండు సినిమాల చివర పడింది. ఒక్కోటీ పది నిమిషాలకు మించదు. చూసింది కూడా తీసినవాళ్లూ, వాళ్ల అమ్మలూ, మొహమాటానికి వచ్చిన ఒకరిద్దరు స్నేహితులూ. అయినా సినిమా సినిమాయే. అన్నిట్లోనూ ఆమె పని ఒకటే. పొడుగాటి కర్ర చివర మైకు కట్టి, ఫ్రేములో నీడ పడకుండా, మాట్లాడేవాళ్ల నెత్తి మీద పట్టుకుని నిలబడాలి. గంటసేపు పట్టినా ఆమె చేతిలో కర్ర వణికేది కాదు. పొద్దున ఐదింటి నుంచి వాట్సన్‌విల్ ఊళ్లో స్ట్రాబెర్రీలు ఏరే షెడ్డులో నిలబడి పనిచేసే మనిషికి అదో కష్టమా?

రెండేళ్లలో ముగించుకుని యూనివర్సిటీకి మారిపోవాల్సిన ఊరి కాలేజీ చదువు ఆమెకి ఆరేళ్లు పట్టింది. అన్నీ సాయంత్రం క్లాసులు, అవీ సెమిస్టరుకి ఒకటో రెండో. ఈ పిచ్చి నాకొద్దంటూ మొగుడు మొదటి సెమిస్టరులోనే వెళ్లిపోయాడు. అతగాడి గురించి ఇంతకన్నా చెప్పుకోవడం దండగ. ముప్పై తొమ్మిదో ఏట నెరేయిదాకున్న కోరికల్లా దక్షిణాన ఐదు గంటల దూరంలో ఉన్న యూనివర్సిటీలో మీడియా ప్రొడక్షన్ డిగ్రీ చదవడం. ఒకసారి కాలేజీవాళ్లు బస్సులో తీసుకెళ్లి చూపించారు. అక్కడ శబ్దాలు మిక్స్ చేసే గది ఒకటుంది. అందరూ భోజనానికి పోతే ఆమె మాత్రం ఆ గది గోడలకున్న మెత్తటి గుడ్డ మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయింది. ఆనాటి నుంచీ చేతులు షెడ్డులో కదిలే బెల్టు మీద కుళ్లిన పళ్లు ఏరుతున్నా ప్రాణమంతా ఆ గదిలోనే కొట్టుకునేది.

నవంబరులో, ట్రాన్స్‌ఫర్ల సంగతి చూసే ఫుజిమోతో మేడమ్ ఆమె కాగితాలన్నీ తిరగేసి కళ్లజోడు తీసింది.

"మీ క్రెడిట్లన్నీ అక్కడ చెల్లుతాయి, దానికి బెంగలేదు. కానీ ప్రొడక్షన్‌లో సీటు కావాలంటే మీరు సొంతంగా తీసిన మూడు నిమిషాల ఫిల్మ్ పంపాలి. అదేదీ?"

"ముప్పై రెండున్నాయి కదండీ!"

"అవి వేరేవాళ్లవి. మీది?"

 ఆరేళ్లుగా "అక్కా, శనివారం కాస్త మైకు పట్టవా" అన్న ప్రతివాడికీ నెరేయిదా పట్టింది. తనకీ ఒక సినిమా ఉండాలన్న సంగతే తోచలేదు. గడువింకా పన్నెండు రోజులుంది.

ఏం తియ్యాలన్నది మాత్రం వెతుక్కోనక్కర్లేకపోయింది. షెడ్డులో బెల్టుకి అవతలి పక్క ముప్పై ఒక్క సీజన్లుగా నిలబడిన ఎర్మెలిందా ఆ శుక్రవారంతో పని మానేస్తోంది. మర్నాడే మొగుడు ఎలీసియోతో కలిసి దేశం దాటి మిచోవకాన్‌లోని సొంతూరికి వెళ్లిపోతోంది. ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి వెళ్లిపోయే రోజున ఆ మనిషే ఎర్ర బటన్ నొక్కి బెల్టు ఆపాలి. ఆపాక ఆ మనిషి బెల్టు పక్కనే ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తుంటే ఆడవాళ్లందరూ రేకు ట్రేలు వాయిస్తారు.

"నన్ను సినిమా తీస్తావుటే? ఈ మొహాన్నా?" అంది ఎర్మెలిందా.

"ఆ మొహం కోసమే అక్కా."

"అయితే ముందే చెప్పి చావొద్దూ! జుట్టుకి రంగేసుకునేదాన్ని."

"నెత్తికి వల టోపీ ఉంటుంది కదక్కా, జుట్టెవరికి కనిపిస్తుంది?"

"నోర్ముయ్. టోపీ కింద నా జుట్టు తెల్లగా ఉందని నాకు తెలీదూ?"

కాలేజీలో కెమెరా పనంతా చూసే దారియో సాయానికొస్తానన్నాడు. తినే సరుకున్న చోటికి బయటివాళ్లని రానివ్వనని మేనేజరు కొట్టిపారేశాడు. దాంతో నెరేయిదా ఒక్కతే కెమెరానీ, స్టాండునీ, రికార్డరునీ మోసుకెళ్లింది. పెట్టెల మీద స్టాండు ఎక్కించి, ఎర్మెలిందా నడిచి వచ్చే దారికి ఫ్రేము కట్టింది. ఫోకస్ రెండుసార్లు సరిచూసుకుంది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మైకు పైకెత్తి, ఎప్పటిలాగే "సౌండ్ నడుస్తోంది" అంది. ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది కూడా. "కెమెరా నడుస్తోంది" అని ఎవరో ఒకరు అనే వేళ అది. ఆ ఎవరో ఒకరు తనేనన్న ధ్యాస ఆమెకి లేదు. ఇంతలో ఎర్మెలిందా బటన్ నొక్కేసింది.

బెల్టు ఆగిన ఆ మూడు నిమిషాల్లో ఏమేం వినిపించాయో అడిగితే నెరేయిదా రోమాలు నిక్కబొడుచుకునేలా చెప్పగలదు. ముందు మోటారు మూలిగి చల్లబడింది. తడి నేల మీద రబ్బరు బూట్ల చప్పుడు. అటు చివర ఒక ట్రే, తర్వాత రెండు, తర్వాత అరవై. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతే, పళ్లని చల్లబరిచే యంత్రం రొద మీద ఎర్మెలిందా ముసలి గొంతు, "ఇక చాల్లెండర్రా, ఇళ్లకి పోండి" అనడం.

సాయంత్రం కాలేజీలో దారియో కెమెరా కార్డు కంప్యూటర్లో పెట్టి చూశాడు. చేసిన పనే మళ్లీ మళ్లీ చేశాడు.

"అక్కా, ఇందులో ఏమీ లేదు."

"సరిగ్గా చూడరా."

"రికార్డు నొక్కావా అసలు?"

నొక్కలేదని నెరేయిదాకి అప్పుడు గుర్తొచ్చింది. తన మొహాన తనే పేడనీళ్లు చల్లుకోవాలనిపించింది. మర్నాడు పొద్దున్నే కారేసుకుని ఎర్మెలిందా ఇంటికి పరిగెత్తింది. తలుపుకి తాళం. వాళ్లు తెల్లారక ముందే బయల్దేరారని పక్కింటివాళ్లు చెప్పారు.

ఇంకో సినిమా తియ్యడానికి రోజులున్నాయి, మనసే లేదు. నల్లటి తెర మీద ఆ మూడు నిమిషాల శబ్దమే పెట్టి పంపేసింది. ఫిబ్రవరిలో యూనివర్సిటీ నుంచి ముగ్గురు మాస్టర్లు వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామన్నారు.

"కావాలనే చీకటి పెట్టానని చెప్పక్కా. ఇప్పుడు అదే గొప్ప. నిన్ను నెత్తినెట్టుకుంటారు," అని దారియో నూరిపోశాడు.

చెబుదామనే కూర్చుంది. తీరా వాళ్లలో తెల్లజుట్టు మాస్టరమ్మ "బొమ్మ ఎందుకు లేదు?" అని అడిగేసరికి అబద్ధానికి నాలుక తిరగలేదు.

"కెమెరా నొక్కడం మర్చిపోయానండీ. ఆరేళ్లుగా వేరేవాళ్లే నొక్కేవారు."

ఒక మాస్టరు నవ్వు ఆపుకున్నాడు. మాస్టరమ్మ మాత్రం నవ్వలేదు. "బొమ్మ ఉంటే ఏం కనిపించేది? ఆవిడ మొహం ఎలా ఉంది అప్పుడు?"

  ఆ సంగతి నెరేయిదాకి అప్పుడే తట్టింది.

"తెలీదండీ. శబ్దం ఎక్కువైపోతుందేమోనని నేను రికార్డరు మీటరు చూస్తున్నాను. మూడు నిమిషాలూ దాన్నే చూశాను."

తర్వాత వాళ్లేం అడిగారో, తనేం చెప్పిందో ఆమెకి గుర్తు లేదు. ఆ రోజు నుంచీ యూనివర్సిటీ మీద బెంగ ఒకెత్తయితే, చూడకుండా వదిలేసిన ఆ మొహం మీద బెంగ ఇంకొకెత్తయింది. ఏప్రిల్లో కొత్త సీజను మొదలై, బెల్టుకి అవతల ఇంకొకావిడ వచ్చి నిలబడింది. చేతులు పళ్లు ఏరుతుంటే కళ్లు మాటిమాటికీ అటే పోయేవి.

సీటొచ్చిందన్న కబురు మధ్యాహ్నం షిఫ్టు దిగాక ఫోన్లో చూసుకుంది. ఆగస్టులో రమ్మన్నారు. పార్కింగులో కారు బానెట్ మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. దారియోకి చెప్పింది, ఫుజిమోతో మేడమ్‌కి చెప్పింది. ఆపైన మిచోవకాన్‌కి ఫోను చేసింది.

"నా మొహం పుణ్యమేనే!" అని అవతల ఎర్మెలిందా కేక పెట్టింది. "ఒసే, ఉండు, నువ్వే చెప్పు. ఆ రోజు నేను ఏడ్చానా?"

"ఏంటక్కా?"

"చుట్టాలెవరొచ్చినా మా ఆయనకి ఒకటే పాట. బెల్టు ఆపి పసిపిల్లలా ఏడ్చి ఉంటావు, నాకు తెలీదూ అంటాడు. నేను ఏడవలేదంటాను. నిజం చెప్పొద్దూ, నాకే గుర్తు లేదు. నీ దగ్గర సినిమా ఉందిగా, చూసి చెప్పు."

నెరేయిదా కళ్లు మూసుకుంది. బూట్లు వినిపించాయి, ట్రేలు వినిపించాయి. ఆ గొంతులో జీర ఉందా? ఉంటే అది ఏడుపు జీరా, చలికి పట్టిన జీరా?

"ఏడవలేదక్కా. నవ్వుతూ నడిచావు."

"విన్నావా ముసలోడా!" అంటూ ఎర్మెలిందా మొగుడి మీద విరుచుకుపడింది. అవతల పెద్దగా నవ్వులు.

నెరేయిదా ఆ నవ్వులు ఆగేదాకా ఫోను చెవికి అదిమిపెట్టుకునే ఉంది.