దీపం పట్టుకునే నాలుగోవాడు

నా చిన్నప్పుడు మా పాలెం మొత్తానికి ఒకటే కంప్యూటరు. నెల్లూరులో డిప్లొమా చదివే పక్కింటి అన్న దాన్ని ఎండాకాలం సెలవులకు ఇంటికి తెచ్చాడు. అందులో ఒక గుహ ఆట ఉండేది. తెరమీద కనిపించే ఎనిమిది మందిలోంచి నలుగురిని ఎంచుకుని గుహలోకి దింపాలి. వాళ్లు దారిలో అడ్డొచ్చినవాటిని గెలిచి, అట్టడుగున ఉన్న రాకాసిని చంపి, ప్రాణాలతో పైకి రావాలి. ఆ ఆట నేర్చుకున్నందుకు తర్వాత ఏ రోజూ సంతోషపడలేదు నేను. ఇప్పుడు నలభై దాటి, మా నాయన చూడని వయసంతా చూస్తున్నాను. అయినా ఆ మధ్యాహ్నం దగ్గరికి మనసు పోయిందంటే ఆ రోజు అన్నం సయించదు.

నాకప్పుడు పదేళ్లు. చేపలు పట్టే ఇంట్లో పుట్టినదాన్ని కదా, బలమంటే వల లాగే చేతులే అనుకునేదాన్ని. అందుకని నలుగురినీ కత్తులు పట్టిన వస్తాదులనే ఎంచుకునేదాన్ని. వల లాగేటప్పుడు మా వాళ్లు నిలబడ్డట్టే వాళ్లనీ వరసగా నిలబెట్టి, ఎదురొచ్చిన ప్రతి తోడేలునీ తలా ఒకటి కొట్టించేదాన్ని. తోడేళ్లకు గాయాలయ్యేవే తప్ప ఒక్కటీ చచ్చేది కాదు. మూడు రోజులు ఆడినా రెండో గది దాటలేదు. తోడేళ్ల చేతిలో కాకపోతే నేలలో కనపడని గోతుల్లో పడి చచ్చేవాళ్లు మా వస్తాదులు.

మూడో రోజు నన్ను అన్నానికి పిలవడానికి మా తాతయ్య వచ్చాడు. అప్పటికి పది రోజులుగా ఆయనకు పనిలేదు. అంతకుముందు మా పడవ ముక్కున కూర్చునేది ఆయనే. మా వాగు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటాం. అక్కడ ఇసుక మేటలు వారానికోసారి జరిగిపోతుంటాయి. నీటి రంగు చూసి, అల విరిగే తీరు చూసి, పడవ ఎటు పోవాలో ఆయన చెయ్యి చూపేవాడు. అంతకు మించి తెడ్డు ముట్టేవాడు కాదు, వల లాగేవాడూ కాదు. మా నాయన పడవకు ఇంజను పెట్టించాక ఆ చోటులో కండలు తిరిగిన కుర్రవాణ్ణి ఎక్కించుకున్నాడు. ఇంజనుండగా నీళ్లు చూసేదేముంది, నువ్వు ఇంటికాడ కూర్చుని తిను నాయనా అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కోపంగా అని ఉంటే తాతయ్య ఎదురు తిరిగేవాడేమో.

తాతయ్య నా వెనక నిలబడి వస్తాదులు చావడం చూశాడు. నేను ఆట మళ్లీ మొదలుపెడితే నలుగురూ లేచి నిలబడ్డారు. ఆయన బిత్తరపోయి, "చచ్చినోళ్లు మళ్లా లేస్తారా అమ్మే?" అని అడిగాడు. ఆటలో అంతే తాతా అన్నాను. తర్వాత మిగిలిన బొమ్మలెవరో ఒక్కొక్కరినీ చూపించి చెప్పమన్నాడు. డాలు పట్టుకున్నవాడు, విల్లు పట్టుకున్నవాడు, గాయాలకు మందు వేసే ఆమె, చేతిలో దీపంతో ముందు నడిచే బక్కవాడు. ఆ బక్కవాడికి కొట్టడం రాదు, గోతులు కనిపెట్టడమొకటే వచ్చు. పనికిరానివాడు తాతా అన్నాను.

"నలుగురూ వల మీద పడితే నీళ్లు చూసేది ఎవురు?" అన్నాడు తాతయ్య.

అన్నం సంగతి మరిచి నా పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. అక్షరం రాని మనిషి నాకు ఆట నేర్పించాడు. వస్తాదులను మాన్పించి ఆ నలుగురినే ఎంచుకోమన్నాడు, దీపమోణ్ణి ముందు నడిపించమన్నాడు. శత్రువు కనపడగానే వాణ్ణి వెనక్కి తీసి డాలువాణ్ణి గుమ్మంలో నిలబెట్టమన్నాడు. అట్లా చేస్తే తోడేళ్లు ఒక్కొక్కటిగా రావాల్సిందే. అన్నిటినీ గీకకుండా ఒక్కటి పడేదాకా దాన్నే కొట్టమన్నాడు. మందు వేసే ఆమె దగ్గరికి ఎవరినీ రానివ్వొద్దన్నాడు, ఆమె మందులు సగమయినాయంటే వెనక్కి తిరగమన్నాడు. పొద్దు వాలేసరికి రాకాసి చచ్చింది. నేను ఎగిరి గంతేశాను.

ఇంటికి నడుస్తుంటే తాతయ్య నా చెయ్యి పట్టుకుని ఆగాడు. మొన్నటి గాలికి మొగలో మేట దక్షిణానికి జరిగిందని, పాత దారిన వస్తే పడవ తిరగబడుతుందని చెప్పాడు. తను రెండుసార్లు చెబితే ముసలోడికి పడవ మీద ఆశ చావలేదని నాయన నవ్వేశాడట. "నా మాట వినడు. నువ్వు చెప్తే వింటాడు. ఆ దీపమోడి కత చెప్పు, నన్ను ఎక్కించుకోమను" అన్నాడు. చెప్తానన్నాను. తాతయ్య తన కోసం ఎవరినైనా ఏదైనా అడగడం నేను చూసింది అదొక్కసారే.

నాయన అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. నేను గుహ గెలిచానని చెప్పాను. ఆయన నన్ను ఒళ్లోకి లాక్కుని, నా కూతురు రాకాసిని చంపింది రోయ్ అని వీధంతా వినబడేట్టు అన్నాడు. ఎంత నవ్వాడో. దీపమోడి మాట నా నోటిదాకా వచ్చింది. తాతయ్య పేరెత్తితే ఆ నవ్వు పోతుందని మింగేశాను. నేనొక్కదాన్నే గెలిచానని ఆయన అనుకోవడం నాకు బాగుంది కూడా. రేపు చెబుదాంలే అనుకున్నాను.

మరునాడు నేను లేచేసరికే నాయన పోటు మీద వేటకు పోయాడు. పొద్దెక్కి పోటు తీశాక పడవ తిరిగొస్తోంది. మేమంతా ఒడ్డునే ఉన్నాం. తాతయ్య మోకాలి లోతు నీళ్లలోకి పరుగెత్తి, తుండు విప్పి, దక్షిణానికి పొమ్మని ఊపుతూ అరిచాడు. ఇంజను చప్పుడులో మాట అందలేదు. రమ్మని పిలుస్తున్నాడనుకున్నాడో ఏమో, నాయన కూడా చెయ్యి ఊపాడు. పడవ పాత దారినే వచ్చి మేట మీదికెక్కింది. వెనకనుంచి వచ్చిన అల దాన్ని బోర్లా తిప్పేసింది. పడవలో ఉన్న నలుగురిలో ఇద్దరు ఈదుకొచ్చారు. నాయన రాలేదు, ఆ కుర్రవాడూ రాలేదు.

ఆ తర్వాత పక్కింటి అన్న ఎంత పిలిచినా ఆ ఆట జోలికి పోలేదు. ఇప్పుడు మా పిల్లలు ఫోనులో అలాంటివే ఆడుతుంటారు. ఓడిపోతే వేలితో ఒక్కసారి తాకి మళ్లీ మొదలుపెడతారు. ఎవరిని ముందు నడిపించాలమ్మా అని అడిగితే తాతయ్య చెప్పినట్టే చెబుతాను. అంతా నాకు కంఠతా వచ్చు. ఒక్క మనిషికి ఒక్కసారి చెప్పాల్సినప్పుడు మాత్రం చెప్పలేదు.

తాతయ్య ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. రోజూ నన్ను పక్కన కూర్చోబెట్టుకునే అన్నం తినేవాడు, చేపలో ముళ్లు తీసి నా కంచంలో వేసేవాడు. నాయనతో చెప్పావా అని ఆయన ఒక్కనాడూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలా అని నేనిప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.