ఆ పసుపు వెలుతురు గురించి

పోయినేడు డిచ్‌పల్లి యూనివర్సిటీలో సినిమాల గురించి మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. నేను కెమెరామన్‌ని, నలుగురిలో మాట్లాడటం అలవాటు లేదు. చివర్లో ఒకమ్మాయి లేచి అడిగింది.

"సర్, మీరు పనిచేసిన బోధన్ డైరెక్టర్ మూడు సినిమాలు తీసిండు. మూడిట్లా అదే పసుపు రంగు. అది ఆయన స్టైలా, ఇంకోటి రాదా?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో నాకూ కొంచెం వాటా కావాలనిపించింది కాబోలు. "ఆయన దగ్గరున్నది ఒకటే రంగు డబ్బా" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఎవరో ఫోన్‌లో తీసి పెట్టిన ఆ ముక్క ఆయన దాకా వెళ్లింది.

ఆ మాట అబద్ధం. అబద్ధమని ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు.

ఆయన మొదటి సినిమాకు నేను కెమెరా అసిస్టెంట్‌ని. లెన్సులు మార్చడం, తుడవడం నా పని. నిజామాబాద్ మార్కెట్ యార్డులో షూటింగ్. పసుపు పంట వచ్చే రోజులు. సంచులు గుమ్మరిస్తుంటే, ఆడవాళ్లు కొమ్ములు జల్లెడ పడుతుంటే లేచిన ధూళి కళ్లలో, చెవుల్లో, టీ గ్లాసుల్లో పడుతోంది. లెన్సు ముందు బిగించే ఫిల్టర్ గాజు మీద కూడా పడింది. పొడి బట్టతో తుడవాల్సింది. కంగారులో మెడలో ఉన్న తడి తువ్వాలతో తుడిచాను. పసుపుకు తడి తగిలితే ఏమవుతుందో ఈ జిల్లాలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. గాజంతా పూత పూసినట్టయింది. వేరే ఫిల్టర్ లేదు. అది తీసేస్తే ధూళి నేరుగా అద్దె లెన్సు మీద పడుతుంది.

"రెడీయా తమ్మి?" అని అరిచాడాయన.

"రెడీ అన్నా" అన్నాను.

ఎండలో చిన్న మానిటర్ మీద ఎవరికీ ఏమీ కనబడలేదు. మొదటి ఆటలో తెర మీద కనబడింది. పసుపు కుప్పల మధ్య ఒంటరిగా కూర్చున్న తల్లి, ఆమె చుట్టూ గాలికే రంగెక్కినట్టు, అంచులన్నీ కరిగిపోతున్నట్టు. నా పని అయిపోయిందనుకొని సీట్లో ముడుచుకుపోయాను. జనం చప్పట్లు కొట్టారు. పేపర్లు ఆ వెలుతురు గురించే రాశాయి. ఆయన నన్ను కావలించుకొని, "మన యార్డు ఎండ, తమ్మి! యాడ దొర్కుతది గిసొంటి ఎండ?" అన్నాడు.

ఆ గాజును షూటింగ్ రోజే ఇంటికెళ్లి సబ్బుతో కడిగేశాను. అప్పుడే చెప్పాల్సింది. పని పోతుందని భయపడ్డాను. తర్వాత నాకూ పేరొచ్చింది, అది పోతుందని భయపడ్డాను.

రెండో సినిమాకు కెమెరా నాకే ఇచ్చాడు. బోధన్ దగ్గర చెరుకు తోటల్లో తీశాం. "ఆ వెలుతురే గావాలె" అని పట్టుబట్టాడు. యార్డులో ఆ రోజు పొద్దు ఎక్కడుంది, ఏ లెన్సు వాడాం, మబ్బుందా అని అడుగుతూనే ఉండేవాడు. నోటికొచ్చింది చెప్పేవాణ్ని. నా మాట నమ్మి యూనిట్ మొత్తం గట్ల మీద కూర్చొని పొద్దు వాలడం కోసం చూసేది. లైట్లకు పసుపు కాగితాలు కట్టాం. ల్యాబులో రంగు పెంచాం. ప్రతిసారీ చూసుకొని, "దగ్గరికైతే ఒచ్చింది గానీ, ఇది గాదు తమ్మి" అనేవాడు. నేను ఇంకో లెన్సు బిగించేవాణ్ని.

విడుదల రోజు ఇంటర్వెల్‌లో టీ దగ్గర నిలబడ్డాం. ముందున్న ఇద్దరు కుర్రాళ్లకు మేమెవరమో తెలియదు.

"చెర్కుతోట గట్లున్నదేందిరా, కామెర్లయినట్టు?"

"మా బాపు పక్కనే కూసున్నడు. ఈళ్లు యూరియా ఎయ్యలేదారా అని ఒక్కటే గొణుగుడు."

ఆయన కూడా నవ్వాడు. టీ మాత్రం సగంలో వదిలేశాడు.

మూడో సినిమాకూ కెమెరా నాదే. పోస్టర్ పడగానే "మళ్లీ పసుపేనా" అన్నారు. ఆ తర్వాత ఆయనకు చాలా ఏళ్లు సినిమా రాలేదు.

దర్శకుడి ముద్ర ఎక్కడ అరిగిపోయి అలవాటుగా మారుతుందో నేను ఖాయంగా చెప్పలేను. ఒకసారి మెప్పు పొందినదాన్నే ధీమాగా మళ్లీ మళ్లీ వడ్డించేవాళ్లతోనూ పనిచేశాను. వాళ్లు మానిటర్ చూసి సంతోషపడతారు. ఈయన ఒక్కసారి కూడా సంతోషపడలేదు. ఎన్నడూ లేని ఎండ కోసం రెండు సినిమాలు వెతికాడు. తెర ముందు కూర్చున్నవాడికి ఈ రెండూ ఒకేలా కనబడతాయి. నాకు అలా కనబడకూడదు.

ఈ ఏడు పసుపు యార్డుకు రావడం మొదలవగానే ఆయన ఫోన్ చేశాడు. "నాలుగోది దొరికింది తమ్మి. ప్రొడ్యూసర్ పసుపు లేకుంట తియ్యమంటుండు. నేనొప్పుకోలె. ఎల్లుండి యార్డుకు రా, టెస్టు తీద్దాం. అసలు వెలుతురు సూస్తే ఆయనే ఒప్పుకుంటడు."

డిచ్‌పల్లి మాట ఎత్తలేదు. అది ఇంకా భయమేసింది. ఆ వెలుతురు రాకపోతే ఈ సినిమా కూడా పోతుంది, ఆ వయసులో ఇంకొకటి రాదు.

యార్డులో అదే చోట కెమెరా పెట్టించాడు. నల్లగుడ్డ కప్పిన పెద్ద మానిటర్‌లో మామూలు ఎండ, తెల్లగా, దుమ్ముగా. "ఇంకొంచెం పొద్దు వంగనియ్యి" అంటూ నిలబడ్డాడు.

"రాదన్నా" అన్నాను.

"ఏంది?"

"ఆ వెలుతురు. అది ఎండ గాదు." తువ్వాల, గాజు, సబ్బు, అన్నీ చెప్పాను.

"తువ్వాలనా?" అన్నాడు. కాసేపు నా మెడ వైపు చూసి ఒక సంచి మీద కూలబడ్డాడు.

"లేవుర్రి అన్నా, ఆ సంచి తూకానికి పోవాలె" అన్నాడొక హమాలీ. లేచి నిలబడ్డాడు.

"మూడు సినిమాలు, తమ్మి. ఒక్కపారన్న నోరు తెర్వకపోతివి. డిచ్‌పల్లిల మాత్రం మంచిగ తెర్సినవ్."

ఆయనే వంగి చిటికెడు పసుపు తీసి గాజు మీద చల్లి, నా తువ్వాల గుంజుకొని, నీళ్ల బాటిల్‌తో తడిపి రుద్దాడు. ఇద్దరం మానిటర్ మీదికి వంగాం. వచ్చింది. అచ్చం అదే. చాలాసేపు చూశాడు. సంతోషం ఏ మూలనైనా ఉందేమోనని నేను ఆయన ముఖం చూశాను.

"తుడ్సెయ్యి" అన్నాడు. "ఆ దినం ఎండ అసలు ఎట్లుండె?"

గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఆ రోజు నేను కెమెరా పక్కన ఉత్త కళ్లతోనే నిలబడ్డాను. అయినా ఆ తల్లి, ఆ కుప్పలు, ఆ గాలి, అన్నీ పసుపుగానే గుర్తొచ్చాయి.

"యాదికి లేదన్నా."

"నాకు గూడ లేదు." మానిటర్‌లోని తెల్లటి ఎండ వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "అయితే సూద్దాం. ఆన్ చెయ్యి."

గాజును సబ్బు నీళ్లతో కడిగి, పొడి బట్టతో తుడిచాను. ఆ తెల్లటి టెస్టునే ప్రొడ్యూసర్‌కు పంపాం. ఆయన నుంచి ఫోన్ రాలేదు, డైరెక్టర్ దగ్గర్నుంచీ రాలేదు. రంగు డబ్బా మాట వెనక్కి తీసుకుంటూ ఆ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. ఫోన్ బల్ల మీదే, కంటికి ఎదురుగా పెట్టుకున్నాను.