తెల్వదన్న జవాబు

సారు పోయారన్న కబురు నాకు కోదాడ బస్టాండులో తెలిసింది. సూర్యాపేట బస్సు దిగిన మా బడి డ్రిల్లు మాస్టారు నన్ను చూసి ఆగి, "మీ ఎకనామిక్స్ సారు పోయిండట, నిన్న పొద్దుగాల" అని చెప్పి, ఎండకు ఆగలేక నీడకు నడిచాడు. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చి పోయింది. తర్వాతదీ పోయింది. లేవబుద్ధి కాలేదు.

నేను ఆయన దగ్గర చదువుకోలేదు. సూర్యాపేట ఆయన సొంతూరు, హైదరాబాదు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు. సాగర్ కాలువ నీళ్ళు రాకముందు కూలి కుటుంబాలకు ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరికేది, వచ్చాక ఎన్ని రోజులు దొరుకుతోంది, ఇదీ ఆయన పరిశోధన. డాక్టరేటు కోసం మొదలుపెట్టారు. ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాయడానికి సెలవుల్లో ఉన్న నాలాంటి బడిపంతుళ్ళను తీసుకున్నారు. అప్పటికే నేను ఇద్దరు పిల్లల తండ్రిని. దేశసేవ అనుకుని పోలేదు, ఇంట్లో పోరు పడలేక పోయాను.

సారు మాకు పెన్నులిచ్చారు. పెన్సిలూ రబ్బరూ ముట్టనివ్వలేదు. "రాసింది చెరపొద్దు, కొట్టెయ్యొద్దు. తప్పయితే పక్కన రాయుండ్రి" అనేవారు. కాగితం మీద జూన్, జూలై అని ఉంటే, అడిగేటప్పుడు మృగశిర, ఆరుద్ర అని కార్తెల పేర్లతో అడగమనేవారు. ఏ ఇంటికి పోయినా ముందు కింద కూర్చునేవారు. ఎవరైనా నీళ్ళు నమిలితే తొందర పెట్టేవారు కాదు. "తెల్వదన్నది గూడ జవాబేనయ్యా. రాసుకో" అనేవారు నాతో.

మిర్యాలగూడ అవతల, దామరచర్ల దారిలో ఒక తండా నా వంతుకు వచ్చింది. రోహిణి ఎండలు. రెండు రోజులు నడిచాను, కాళ్ళు బొబ్బలెక్కాయి. మూడో రోజు పోలేదు. మిర్యాలగూడలో ఒక హోటల్లో ఫ్యాను కింద కూర్చుని, మిగిలిన పన్నెండు ఇళ్ళ కాగితాలు నా బుర్రలోంచే నింపేశాను. సారు తీసుకుని చూసి, "మంచిగున్నది నీ రాత" అని సంచిలో పెట్టుకున్నారు. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

తర్వాత కాలువ వచ్చింది. రెండో విడతకు మళ్ళీ పిలిచారు. హుజూర్‌నగర్‌లో బస చేసిన ఇంటి అరుగు మీద పాత కాగితాలూ కొత్తవీ పక్కపక్కన పరిచి సారు చాలాసేపు చూశారు.

"ఈ పన్నెండిండ్లల్ల ఒక్కలు గూడ తెల్వదనలేదేందయ్యా?"

నేను దాచలేకపోయాను, చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నారు. "ఇప్పుడు పోయి అడుగుదమంటే నీళ్ళొచ్చినయి కదా" అన్నారు.

అయినా మర్నాడు తండాకు నడిచారు. నేను వెనక నడిచాను. తండా పెద్దమనిషి మంచం వాల్చాడు గానీ సారు కింద కూర్చుని, కాలువ రాకముందు ఏడాది ఎన్ని రోజులు పని దొరికిందని అడిగారు. ఆ పెద్దమనిషి పొలాల వైపు చూసి, "యాదికి లేదు సారూ. ఆకలుండె. గదొక్కటే యాదికున్నది" అన్నాడు. సారు ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నారు.

ఆ పన్నెండు ఇళ్ళకూ మిగతా ఇళ్ళ సరాసరి వేసి ఖాళీలు పూడ్చమని యూనివర్సిటీలో పైవాళ్ళు చెప్పారట. సారు పూడ్చలేదు. అచ్చంగా అందుకేనో, ఇంకా ఏమేమి కలిశాయో గాని డిగ్రీ రాలేదు. ఆయన నా దగ్గరెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నేనే ఆయన ఎదుట పడడం తగ్గించుకున్నాను. పిరికితనం అది.

పదో రోజు సూర్యాపేట వెళ్ళాను. అమ్మ, అంటే సారు భార్య, ఆయన టైపు చేయించిన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. "ఇన్నేండ్లు దేనిమీద రాసిండో నాకు తెల్వది బిడ్డా. నువ్వన్న జెప్పు" అన్నారు.

"కూలోళ్ళకు ఏడాదిల ఎన్ని దినాలు పని దొరుకుతదో లెక్క తీసిండమ్మా."

"గంతేనా?" అన్నారామె, అలసటగా. "గందుకేనా ఇంత తిరిగింది?"

పేజీలు తిప్పి ఆ తండా ఉన్న చోటు తీశాను. పన్నెండు వరుసల్లోనూ 'తెలియదు' అనే ఉంది. పేజీ అడుగున సారు చేత్తో రాసిన రెండు ముక్కలు: "కాలువ రాకముందు ఈ ఇళ్ళకు వెళ్ళి అడగలేదు. తప్పు నాది."

అమ్మను పెన్ను అడిగాను. సారు రాసింది కొట్టెయ్యలేదు. 'నాది' అన్న మాట పక్కన నా పేరు రాశాను. సిరా ఆరేదాకా పుస్తకం మూయకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.