మూడు పాయల జడతో స్పానిష్ పరీక్షకు: రామగుండం నుంచి సికింద్రాబాద్

ఆ ఉదయం మామూలు ఉదయమే. తమ్ముడు సమ్మయ్యకు ఫస్టు షిఫ్టు వారం. గోదావరిఖనిలో మా క్వార్టరు ముందు చీకటి ఉండగానే లేచి, వాకిలి చల్లి, నాలుగు గీతల ముగ్గు వేశాను. మరదలు స్వరూప పప్పు పోపు పెట్టి డబ్బా కట్టింది. సమ్మయ్య బాయికి వెళ్ళాడు. ఇక్కడ గనిని బాయి అంటాం. నేను స్నానం చేసి, దీపం పెట్టి, కొబ్బరినూనె, దువ్వెన పట్టుకుని వెనక అరుగు మీదికి వెళ్ళాను. చెల్లెలు రజిత అప్పటికే నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. దానికి ముప్పై నాలుగేళ్ళు. చిన్నప్పటి జ్వరం వల్ల కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. అందుకే దాని జడ నేనే వేస్తాను. పాయ మీద పాయ వేస్తూ ఒక్కో మెలికకు ఒకసారి రామా అనుకుంటాను. నా పొద్దుటి జపం అదే. వేరే మాల లేదు.

రజిత రెండేళ్ళుగా ఫోనులో స్పానిష్ నేర్చుకుంటోంది. ఆ రోజు "మే లెవాంతో, మే లావో, మే విస్తో" అని వల్లె వేస్తోంది. లేస్తాను, కడుక్కుంటాను, బట్టలు వేసుకుంటాను. ఆ "మే" ఏమిటని అడిగాను. "చేసేది నేనే అక్కా, చేయించుకునేది నేనే. మనం కడుక్కుంట అంటం సూడు, గట్ల. మనకు 'కొను' ఎనుక వస్తది, ఆళ్ళకు ముందుగాల వస్తది" అంది. గిన్నె కడిగితే ఒట్టి "లావో". ముఖం కడుక్కుంటే "మే లావో". నువ్వు అయితే "తే", అతడు, ఆమె అయితే "సే". చేతులు కడుక్కున్నప్పుడు "నా చేతులు" అనకూడదట, ఉత్త "చేతులు" అంటే చాలట. ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం వల్ల అక్కడ నెల రోజులు తప్పు చేశానని నవ్వింది. తెలుగులో మనం అన్నట్టే అంటే సరిపోయేది. అన్నీ అలా కలవవు. మనం ఒట్టిగా లేస్తాం, స్పెయిన్‌వాళ్ళు తమను తాము లేపుకుంటారు.

స్పానిష్ మాట్లాడేవాళ్ళ ఫోన్లకు జవాబిచ్చే పనికి సికింద్రాబాద్‌లో ఇంటర్వ్యూ ఉందని అప్పుడే చెప్పింది. మొదటి ఏడాది అక్కడే ఉండాలి. ఆ రాత్రి అన్నాల దగ్గర విని సమ్మయ్య వద్దన్నాడు. "గా చెయ్యితోని పట్నంల ఒక్కతి ఎట్లుంటది? జడ ఎవలేస్తరు?" రజిత అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. ఇంటర్వ్యూకు పోయి రానీ, మిగతాది తిరిగొచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం అన్నాను. అలా ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే ఇద్దరం బయలుదేరాం.

ఇటువైపు నుంచి వెళ్ళేవాళ్ళ కోసం చెబుతున్నాను. గోదావరిఖని నుంచి రామగుండం స్టేషనుకు షేరు ఆటోలో మనిషికి ముప్పై రూపాయలు తీసుకున్నారు. కాగజ్‌నగర్ వైపు నుంచి వచ్చే పొద్దుటి బండి ఎక్కితే పెద్దపల్లి, జమ్మికుంట, కాజీపేట మీదుగా మధ్యాహ్నంలోపు సికింద్రాబాద్‌లో దిగొచ్చు. కూర్చునే సీటు ముందే బుక్ చేస్తే నూట ముప్పై లోపే. వేళలు మారుతుంటాయి, చూసుకుని వెళ్ళండి. మా ఆటో నడిపింది కాలనీకి తెలిసిన రహీం భాయ్.

"ఎక్కడికక్కా గింత పొద్దుగాల?"

"సికింద్రాబాద్. చెల్లెకు ఇంటర్వ్యూ. స్పానిష్‌ల మాట్లాడాలె."

"మాషా అల్లా! ఫికర్ చెయ్యకు చెల్లె. తప్పు మాట్లాడినా ఆళ్ళకేం తెలుస్తది?"

"ఆళ్ళ భాషనే కదా భాయ్, ఆళ్ళకే తెలుస్తది" అంది రజిత. అతను స్టేషను వచ్చేదాకా నవ్వాడు.

బండిలో కిటికీ పక్క సీటు దొరికింది. పెద్దపల్లి దాటాక మానేరు వంతెన మీద నేను చేతులు జోడించాను. రజిత పెదవులు కదుపుతూనే ఉంది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ చాలాసేపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏం మంత్రం బిడ్డా అది?"

"మంత్రం కాదవ్వా. పొద్దుగాల చేసుకునే పనులు. లేసుడు, మొకం కడుక్కునుడు."

"అవ్వో! గవి కూడ సదువుతరా? మేం చేస్తుంటిమి, అంతే."

రజితకు నవ్వొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టి, "మే పెయ్‌నో" దగ్గర ఆగింది. దువ్వుకుంటాను. "ఇది నాకు అబద్ధమైతది కదనే అక్కా" అంది. ఉన్నదే చెప్పు అన్నాను.

సికింద్రాబాద్‌లో దిగేటప్పుడు తొక్కిసలాటలో ఎవరి సంచి జిప్పుకో దాని జడ చిక్కుకుంది. రబ్బరు తెగింది. సగం జడ ఊడిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఆగి వేద్దామంటే టైం లేదు. అక్కడ వేస్తాను పద అన్నాను. ఆటోకు నూట ఇరవై అడిగితే ఇచ్చేసి తార్నాక వైపు వెళ్ళాం. తీరా ఆఫీసు గాజు తలుపు దగ్గర కూర్చున్న అమ్మాయి, లిస్టులో పేరున్నవాళ్ళు మాత్రమే లోపలికి రావాలంది. దువ్వెన నా సంచిలో ఉంది. తీసి రజిత చేతిలో పెట్టాను. అది ఒకసారి నా వైపు చూసి లోపలికి వెళ్ళింది.

ఎదురుగా చాయ్ బండి దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. చాయ్ పదిహేను రూపాయలు. రామా అనుకుందామనుకున్నాను. చేతులు ఖాళీగా ఉంటే నామం నిలవలేదు. జుట్టు విరబోసుకుని నలుగురి ముందుకు ఎలా వెళ్ళిందో అన్నదే ధ్యాస.

గంట దాటాక బయటికి వచ్చింది. జడ ఉంది. ఎడమ భుజం మీదుగా ముందుకు వేలాడుతోంది. పైన వదులు, కింద బిగువు, ఒక పాయ లావు, ఒక పాయ సన్నం. చివర చేతిరుమాలు ముడి.

"ఎట్లేసుకున్నవే?"

"ఇంటర్వ్యూ రూం బయట బల్ల మీద కూసోబెట్టిన్రు. జుట్టంత ముందటికి గుంజుకున్న. ఛాతీ కాడికి కుడిచెయ్యి వస్తది కదా, పాయలు అది పట్టుకున్నది. ఎడమ చెయ్యి అల్లింది."

"ఇన్నేండ్లు ఎందుకు ఏసుకోకపోతివే మరి?"

"నువ్వెప్పుడు ఎనుకనే కూసుంటివి కదనే అక్కా."

వదులుగా ఉన్న పాయ సరిచేద్దామని చెయ్యి దానంతటదే లేచింది. దించుకున్నాను.

తిరుగు బండి సాయంత్రం కాకముందే ఉంది. మిర్చి బజ్జీల పొట్లం ఒళ్ళో పెట్టుకుని రజిత అంతా చెప్పింది. లోపలి మేడమ్ నీ ఉదయం ఎలా గడుస్తుందో చెప్పమందట. నాలుగింటికి లేస్తానంటే ఎందుకంత తొందరగా అని అడిగిందట. అన్న బాయిల పని చేస్తాడు, ఫస్టు షిఫ్టు వారం ఒక ఉదయం, రెండో షిఫ్టు వారం ఇంకొకటి, రాత్రి షిఫ్టు వారం అన్న పడుకునేదే మాకు ఉదయం, మీకు ఏ ఉదయం కావాలి అని అడిగిందట ఈ పిల్ల. మేడమ్ కలం పక్కన పెట్టి నవ్వి, మూడూ చెప్పమందట. చెప్పుకుంటూ దువ్వుకునే దగ్గరికి వచ్చి, "మే పెయ్‌నా మి ఎర్మానా" అందట. నన్ను మా అక్క దువ్వుతుంది. మేడమ్ జడ వైపు చూసి, ఈ రోజు కూడానా అందట.

"ఏమన్నవ్?"

"ఓయ్ మే పెయ్‌నే సోలా అన్న."

"అంటే?"

"ఇయ్యాల నేనే దువ్వుకున్న, ఒక్కదాన్నే."

వచ్చే నెల ఒకటో తారీఖున చేరమన్నారని ఆ తర్వాత చెప్పింది. నేను కిటికీలోంచి మానేరు కోసం చూస్తూ కూర్చున్నాను.

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. సమ్మయ్య అన్నానికి కూర్చున్నాడు. రజితను చూసి ముద్ద ఆపాడు.

"గిదేంది, జడ ముందటున్నది?"

"నేనే ఏసుకున్న అన్నా."

"నిజంగ? జర ఇప్పి మల్ల ఎయ్యి, సూస్తా."

రజిత కింద కూర్చుని రుమాలు విప్పింది. జుట్టు ముందుకు లాక్కుని, వంకరపోయిన కుడిచేతి వేళ్ళతో పాయలు పట్టుకుని, ఎడమ చేత్తో మెల్లగా అల్లింది. రెండుసార్లు జారింది. రెండుసార్లూ మళ్ళీ పట్టుకుంది. సమ్మయ్య కంచంలో చెయ్యి పెట్టినవాడు పెట్టినట్టే ఉన్నాడు. స్వరూప పొయ్యి దగ్గర నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, దాని ఒక్కో మెలికకు లోపల రామా అనుకున్నాను. నామం నిలిచింది.

"వంకరున్నది" అన్నాడు సమ్మయ్య.

"నువ్వేస్తే సక్కగొస్తదా?" అంది స్వరూప.

ఒకరికి అన్నీ చేసి పెట్టడం ప్రేమే అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. ఇప్పటికీ ప్రేమే అంటాను. పక్కన కూర్చుని, చెయ్యి చాపకుండా చూడడం కూడా అందులోదేనని ఈ ప్రయాణంలో తెలిసింది. ఇలాంటి ఇంటర్వ్యూకు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఈ క్రియలను పుస్తకంలోని ఉదయంతో బట్టీ పట్టకండి. వారం రోజులు మీ ఇంట్లో లేచిన దగ్గర నుంచి ఎవరు ఏ పని తమకు తాము చేసుకుంటున్నారో, ఎవరికి ఎవరు చేసి పెడుతున్నారో స్పానిష్‌లో పైకి చెప్పుకోండి. అడిగినప్పుడు నోటికి అదే వస్తుంది.

ఆ రాత్రి అందరం కూర్చుని అనుకున్నది ఇది. ఒకటో తారీఖున రజిత వెళ్ళి చేరుతుంది. తార్నాకలో ఆడవాళ్ళ హాస్టల్ చూసి, సామాను దించి రావడానికి సమ్మయ్య సెలవు పెడతాడు. నేను వెంట వెళ్ళను. రెండు వారాలకోసారి శనివారం బండికి అది ఇంటికి వస్తుంది. ఆదివారం పొద్దున జడ మాత్రం అక్కే వెయ్యాలని రజిత షరతు పెట్టింది. సమ్మయ్య సరే అన్నాడు. నేనూ సరే అన్నాను.