సింథటిక్కా, బ్లెండా

కారు నడిపి బతికే ఆ మనిషిని అందరూ "అక్కా" అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. పాత తెల్ల కారు. ఇల్లు గడిచేది దాని మీదే. మొగుడు మెకానిక్. ఇద్దరికీ పడనిదల్లా ఒక్కటే, ఇంజన్ ఆయిల్.

సింథటిక్ అయితే ఎండకీ చలికీ తట్టుకుంటుందని ఆమె. "ముసలి ఇంజన్‌కి సగం సింథటిక్ కలిపిన బ్లెండ్ చాల్లే. జుట్టుకి రంగేస్తే వయసు తగ్గుతుందా?" అని అతను. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "ఇక నా కారు ముట్టుకోకు" అంది అక్క. అది జరిగి ఏళ్లయింది.

నేను ఎక్కని బండి లేదు. వంటనూనెతో నడిచే లారీలో కూడా తిరిగాను, దాని పొగకు ఆకలేసేది. కానీ ఆ రోజు చూసింది మరెక్కడా చూడలేదు.

నన్ను స్టేషన్‌కు తీసుకెళ్తుండగా స్టీరింగ్ ముందున్న ఆయిల్ దీపం ఎర్రగా వెలిగింది. అక్క కారును నేరుగా మొగుడి షెడ్డుకు తిప్పింది. అతను కారు పైకి లేపి, కింద బేసిన్ పెట్టి, ఆయిల్ దింపే అడుగు నట్టు విప్పాడు. చుక్క రాలలేదు. ముగ్గురం వంగి చూశాం. స్క్రూడ్రైవర్‌తో కెలికితే తారులాంటి ముద్ద ఒకటి జారి బేసిన్‌లో థప్‌మని పడింది.

అతను పెళ్లాం వైపు తిరిగాడు.

"ఏ షెడ్డువాడే నీకు ఆయిల్ మార్చేది?"

"షెడ్డేంటి? ఆదివారాలు నేను కునుకు తీసినప్పుడు నువ్వే మారుస్తున్నావుగా!"

"నేనా? ముట్టుకోవద్దన్నావు కదే! ఖాళీ డబ్బాలు చూసి, బయటెక్కడో మార్పిస్తున్నావనుకున్నా."

"అవి పైన పోసినవి. ఆయిల్ కొలిచే పుల్ల మీద గీత కిందికి దిగినప్పుడల్లా కాస్త పోసేదాన్ని. అయినా కోపంలో అన్న మాట పట్టుకుంటావా? పెళ్లాం మాట ఏనాడు విన్నావని?"

"విన్నది ఇదొక్కటే!"

ఇద్దరూ బేసిన్ వైపు చూశారు. ఇన్నేళ్లూ ఆ కార్లోకి నూనె వెళ్లడమే గానీ, బయటికి వచ్చింది లేదు.

అతను ఇంజన్ కింద నూనె నిలిచే పళ్లెం ఊడదీసి, బేరింగు విప్పి వెలుగులోకి పట్టాడు. పైపూత అరిగిపోయి లోపలి రాగి మెరుస్తోంది.

"బతుకుతుందా?" అంది అక్క.

"కూర్చోవే."

కూర్చోలేదు. ఫోన్ తీసి, మర్నాడు కారు మాట్లాడుకున్నవాళ్లకు ఒక్కొక్కరికీ రాలేనని చెప్పడం మొదలుపెట్టింది. గొంతు మామూలుగానే ఉంది. అతను మాత్రం ఆ నల్లముద్ద ఉన్న బేసిన్‌ను రెండు చేతులా పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తోచక, అక్కడే నిలబడిపోయాడు.